సోమవారం రిజిస్టరు

"మూడో అధ్యాయం తీసేస్తే ఈరోజే సంతకం పెడతాను. ఉంచుతానంటావా, ఇంకో ఏడాది బల్లుల్ని పట్టుకో," అన్నాడు ప్రొఫెసరు, థీసిస్‌ను వెనక్కి తోసేస్తూ.

ఏడాది అనేసరికి పరిశోధక విద్యార్థిని నీరుగారిపోయింది. ఇప్పటికే ఆరేళ్లయింది. వాళ్లమ్మ ఫోన్‌లో "బాగున్నావా" మానేసి "ఇంకా బల్లులేనా" అనడం మొదలుపెట్టి మూడేళ్లు దాటింది.

గోధుమరంగు బల్లీ బూడిదరంగు బల్లీ ఏనాడో విడిపోయిన వేర్వేరు జాతులనీ, వాటికి కలిసి పిల్లలు పుట్టవనీ ప్రొఫెసరు లావుపాటి పుస్తకం రాశాడు. ఆయన కూర్చున్న ప్రొఫెసరు కుర్చీ ఆ పుస్తకం ఇచ్చిందే. ఈ అమ్మాయేమో పోయి పోయి ల్యాబు వెనక గోడ మీది బల్లుల డీఎన్ఏ చదివింది. అందులో రెండు జాతులూ కలగలిసి ఉన్నాయి. ఆ కలయిక మొదలై ఎనిమిదేళ్లకు మించలేదని కూడా మూడో అధ్యాయంలో రాసింది.

శాంపిల్ పాడై ఉంటుందన్నాడు ప్రొఫెసరు. మూడుసార్లు చేశానంది ఆమె. మూడుసార్లూ పాడై ఉంటుందన్నాడు.

సాక్ష్యం చేతిలో ఉండగా వాదన దేనికని ఆయన రిజిస్టరు తెప్పించాడు. గోధుమరంగు మగబల్లుల్నీ బూడిదరంగు ఆడబల్లుల్నీ ఒకే గాజుపెట్టెలో కాపురం పెట్టించి ఎనిమిదేళ్లయింది. ప్రతి సోమవారం అటెండరు పెట్టె చూసి రాయాలి. నాలుగొందల పైచిలుకు సోమవారాలకు నాలుగొందల పైచిలుకు సంతకాలు. అన్నింటి పక్కనా ఒకే ముక్క: గుడ్లు లేవు.

రిజిస్టరు తెచ్చిన అటెండరు, భుజాన తడిగుడ్డతో పక్కనే నిలబడ్డాడు. ల్యాబంతా ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తుంది. ఆయన శుభ్రతంటే ప్రొఫెసరుకు మహా గురి.

"చెప్పవయ్యా, ఇందులో ఒక్క అబద్ధమైనా ఉందా?"

"ఎందుకుంటుంది సార్. వారం వారం పెట్టె కడిగి, తుడిచి, కళ్లద్దాలు పెట్టుకుని చూసి మరీ రాశాను."

ప్రొఫెసరు ఎర్రపెన్ను మూత తీసి మూడో అధ్యాయం మీద పెట్టాడు. విద్యార్థిని మాత్రం అటెండరు వైపే చూస్తోంది.

"బాబాయ్, కడిగాక చూస్తారా?"

"కడక్కముందు ఏం చూస్తామమ్మా, పెట్టెనిండా గుడ్లే," అన్నాడు బాబాయ్. "పారేయడానికి చేతులు రాక, అన్నీ ఏరి మన వెనక గోడ సందులో పెట్టేవాణ్ణి."