పట్టేసిన స్టీరింగు

తమ్ముడు సుత్తి ఎత్తి స్టీరింగు పెట్టె మీద బాదాడు. ఏళ్ళ తరబడి షెడ్డులో పడున్న పాతకాలపు కారు మూలిగింది గానీ, స్టీరింగు కదల్లేదు.

"నీ అబ్బ! తిరగవేం?" మళ్ళీ బాదాడు.

"దాని అబ్బనెందుకురా తిడతావు? మన అబ్బ పోయింది ఇందులోనే," అంది అక్క, సందుల్లో కిరసనాయిలు పోస్తూ.

"పోలేదు. నీ మొగుడు తాగి నడిపి చంపాడు. ఆ రోజు చెయ్యి విరిచి వదిలేశాను. మెడ విరవాల్సింది."

"తాగలేదని మొత్తుకున్నాడు. మలుపులో స్టీరింగు పట్టేసిందన్నాడు."

"దొరికినవాడు ఇంకేం చెప్తాడే?"

ఈసారి దెబ్బకి పెట్టె మూత ఊడిపడింది. లోపల పళ్ళచక్రాల మధ్య ఇరుక్కున్న బేరింగు గోళీ ముక్కని అక్క స్క్రూడ్రైవరుతో పీకింది. తమ్ముడు స్టీరింగు తిప్పాడు. హాయిగా తిరిగింది.

వాడి ముఖం పాలిపోయింది. "అది ఇప్పుడే విరిగింది. నా దెబ్బకి."

"ఇప్పుడే విరిగితే విరిగిన చోట తళతళలాడాలి కదరా. చూడు, అంతా తుప్పే. ఇది ఆనాడే విరిగింది."

తమ్ముడు ముక్కని లాక్కుని బల్ల మీద పడేశాడు. నుగ్గు చెయ్యడానికి సుత్తి ఎత్తాడు. అక్క ఆ ముక్క మీద అరచెయ్యి పరిచింది.

"కొట్టు. ఆయన చేతి మీద కొట్టినట్టే కొట్టు."

తమ్ముడు సుత్తిని నేల మీద పడేశాడు.

"బావని... ఒకసారి రమ్మనవే," అన్నాడు.

"ఆయనెందుకొస్తాడు? కొట్టడానికి నువ్వే వెళ్ళావుగా. ఇప్పుడూ నువ్వే వెళ్ళు."