అయిదోది

మూడేళ్ల కిందట తమ్ముడు రాబర్ట్ చనిపోయే ముందు చివరిసారి చేసిన ఫోను కృపారాణి ఎత్తలేదు. ఆ తర్వాతే టీచరు ఉద్యోగం మానేసి కౌన్సెలింగు చదువుకుంది. ఇప్పుడు చీపురుపల్లిలో ఇంటి నుంచే, రాత్రుళ్లు హెల్ప్‌లైన్‌కు వచ్చే ఫోన్లను మొదటి రింగుకే ఎత్తుతుంది.

ఆ రాత్రి ఎవరో ఒకతను వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. కుదుటపరచడానికి ఆమె ఎప్పుడూ అడిగేదే అడిగింది.

"మీ చుట్టూ కనిపిస్తున్నవి అయిదు చెప్పండి."

ఏడుపు ఆగింది.

"గోడ మీద యేసుప్రభువు కేలండరున్నాది. మీగడ కట్టీసిన టీ ఉన్నాది. తెగిపోయిన నీలం సెప్పున్నాది."

కృపారాణి తన కాళ్ల వైపు చూసుకుంది. పొద్దున తెగిన నీలం చెప్పు అక్కడే ఉంది. బల్ల మీద టీ చల్లారి మీగడ కట్టింది.

"బీరువా మీద నా ఫొటో ఉన్నాది."

"అయిదోది?" అలవాటు కొద్దీ ఆమె గొంతు అడిగేసింది.

"నువ్వే, అక్కా."

ఆ మాట ఫోన్లోంచి రాలేదు.