సర్‌ప్లస్ టీచరు

"పదో తరగతి రెండు సెక్షన్లకీ ఒక్క తెలుగు టీచరు చాలు మేడం. మిమ్మల్ని సర్‌ప్లస్ కింద మైలవరం పంపమని రాస్తున్నా" అన్నారు హెడ్మాస్టరు ఏసుపాదం, స్టాఫ్ రూములో టీ తాగుతూ.

ఫక్రున్నీసాకి ఒళ్లు మండింది. పబ్లిక్ పరీక్షలు నెత్తిమీదకొచ్చాయి. వన్ టౌన్ నుంచి ఉయ్యూరుకి రోజూ బస్సులో నిలబడి వచ్చేది ఈ పిల్లల కోసం కాకపోతే ఇంకెవరి కోసం?

"నేనే ఎందుకండీ? కిరీటి గారు నా తర్వాత వచ్చినవారే కదా."

"ఆయన టెక్నాలజీ వాడతారు మేడం. గోడకి డిజిటల్ ప్యానెల్ పెట్టాక ఎ సెక్షన్ పిల్లలు చూడండి, పద్యాలు గడగడా అప్పజెబుతున్నారు. మీరేమో ఇంకా ఆ సుద్దముక్క వదలరు."

"ప్యానెల్ గది తాళం ఇమ్మని ఎన్నిసార్లు అడిగాను? ఆడవాళ్లు చెయ్యి పెడితే పాడవుతుందన్నది మీరే."

పక్కనే ఉన్న కిరీటి నవ్వాడు. "కోపమెందుకు మేడం. పొద్దున లేస్తే మీకు కుక్కరు విజిళ్లు లెక్కపెట్టుకోడానికే సరిపోద్ది. ఇవన్నీ మాకొదిలెయ్యండి. క్లాసు లీడరు శ్రీదుర్గ పెన్‌డ్రైవ్ పెట్టి మీట నొక్కుద్ది, పాఠం దానంతటదే నడుస్తది. నేను నోరు తెరవక్కర్లేదు."

"గదిలో కూడా ఉండక్కర్లేదు కాబోలు. ఒక్క పాఠమైనా చివరిదాకా విన్నారా?"

"డిపార్ట్‌మెంట్ పంపే పాఠాలు నేను వినేదేముందండీ? పిల్లలు వింటే చాలదూ."

"నేను మైలవరం వెళ్లను. తనిఖీకి ఆఫీసరు గారు వస్తారుగా, క్లాసులు చూడనివ్వండి. ఆయన ముందే తేల్చుకుంటాను" అని ఆమె విసురుగా లేచి బి సెక్షన్‌కి వెళ్లిపోయింది. ఆ రోజు సుద్దముక్క బోర్డు మీద టకటకా మోగింది.

మర్నాడు ఆఫీసరు చెప్పాపెట్టకుండా వచ్చి, తిన్నగా ఎ సెక్షన్ వెనక బెంచీలో కూర్చున్నారు. కిరీటి అప్పుడు వేపచెట్టు కింద ఫోన్లో క్రికెట్ స్కోరు చూసుకుంటున్నాడు. కబురు తెలిసి హెడ్మాస్టరూ అతనూ పరుగున వచ్చేసరికి ఆఫీసరు ప్యానెల్ ఆపేసి నిలబడి ఉన్నారు. ఫక్రున్నీసా కూడా గుమ్మం దగ్గరికొచ్చింది.

"పద్యాన్ని ఇంత విడమరిచి చెప్పడం ఈమధ్య నేనెక్కడా వినలేదు. ఎవరు చేశారీ పాఠం?" అని అడిగారు ఆఫీసరు.

"డిపార్ట్‌మెంట్ వాళ్లదండీ. నేను దగ్గరుండి వినిపిస్తుంటాను" అన్నాడు కిరీటి, చెమట తుడుచుకుంటూ.

"అంతా ఆయన చలవే సార్. అందుకే మేడం గారిని సర్‌ప్లస్ చూపిస్తున్నాం" అన్నారు హెడ్మాస్టరు.

ఆఫీసరు ఆమె వంక చూశారు. ఫక్రున్నీసా తల దించలేదు. ఏం తప్పు చేసిందని దించాలి?

"మరి డిపార్ట్‌మెంట్ పాఠంలో మధ్య మధ్య కుక్కరు కూత వినిపిస్తోందేం కిరీటి గారూ?"

"అది సౌండ్ ఎఫెక్ట్ సార్. పద్యం వంట గురించి కదండీ."

"పద్యం పాండవుల రాయబారం గురించి."

పిల్లలు కిసుక్కున నవ్వారు. ముందు బెంచీలోంచి శ్రీదుర్గ చేతులు కట్టుకుని లేచింది.

"అది మా ఫక్రున్నీసా టీచర్ వాళ్లింట్లో కుక్కరు సార్."