నలభై ఏడో పేజీ

ఢామ్మని పేలింది.

పక్కింటి కుక్క మొరిగింది. గ్యారేజీలోంచి నల్లటి పొగ వెళ్లి, బెరిల్ అప్పుడే ఆరేసిన దుప్పటి మీద వాలింది.

"కారు బయల్దేరిందా, యుద్ధం మొదలైందా?" వంటింటి కిటికీలోంచి అడిగింది బెరిల్.

నార్మన్ మొహం మీది మసి తుడుచుకుని మళ్లీ ఇంజన్ మీదకు వంగాడు.

ఆ ఎర్ర స్పోర్ట్స్ కారును తొమ్మిదేళ్ల కిందట విడిభాగాలుగా, పదకొండు అట్టపెట్టెల్లో కొని తెచ్చాడు. పెళ్లికి ముందు బెరిల్‌ను తిప్పింది అలాంటి కారులోనే. పిల్ల పుట్టగానే ఆ పాతదాన్ని అమ్మేశాడు. ఆ రోజు బెరిల్ ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

తలుపులు, సీట్లు, రంగు, అన్నీ తన చేత్తోనే చేశాడు. ఇంజన్ ఒక్కటే మాట వినడం లేదు.

"శనివారానికి మన పెళ్లయి నలభై ఏళ్లు," అంది బెరిల్. "ఇందులో నన్ను సముద్రానికి తీసుకెళ్తానన్నావు. తీసుకెళ్లకపోతే ఆదివారం దీన్ని అమ్మేస్తాను. అట్టపెట్టెలతో సహా."

నవ్వుతూనే అంది. బెరిల్ నవ్వుతూ అన్నవన్నీ చేసేస్తుందని నార్మన్‌కు తెలుసు.

"పుస్తకంలో ఎలా ఉందో అలాగే చేశాను," అని గొణిగాడు.

"పుస్తకంలో తప్పుంది."

గ్యారేజీ గుమ్మంలో ముసలాయన నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో కూరగాయల సంచి, ఇంకో చేతిలో బెరిల్ ఇచ్చిన టీ కప్పు.

నెల రోజులుగా రోజూ పొద్దున్నే వస్తున్నాడు. కాసేపు చూసి పోతాడు. పేరు ఎవరూ అడగలేదు. ఇంగ్లండ్‌లోని కవెంట్రీలో, ఆ వీధిలో నెలకే పేరు అడగడం తొందరపాటు. అప్పటిదాకా వాన గురించి మాట్లాడుకుంటారు.

"ఏం తప్పు?"

"నలభై ఏడో పేజీ. ఇంజన్‌కు వెళ్లే నాలుగు వైర్ల బొమ్మ. అందులో బాణం తిరగబడింది. వరస గడియారం ముల్లుకు ఎదురుగా పోవాలి. రెండో వైరూ మూడో వైరూ చోటు మార్చండి. చాలు."

నార్మన్ నూనె మరకల పుస్తకాన్ని పైకెత్తి చూపించాడు.

"ఇది కారు చేసిన ఫ్యాక్టరీ వాళ్లే వేసిన పుస్తకం. రాసినవాడికి తెలియదా?"

"తెలిసింది. అచ్చయ్యాక."

"మీతో చెప్పాడా?"

ముసలాయన కప్పులోకి చూశాడు. తర్వాత జేబులోంచి పెన్సిల్ తీశాడు.

"ఒకసారి ఇలా ఇవ్వండి. బాణం దిద్ది వెళ్లిపోతాను."

నార్మన్ పుస్తకాన్ని వెనక్కి లాక్కున్నాడు.

"నా పుస్తకం మీద గీతలు గీస్తారా? ఇంట్లో ఇంకేం పని లేదా, పెద్దాయనా?"

"ఇదొక్కటే మిగిలింది," అన్నాడు ముసలాయన.

నార్మన్ షట్టర్ దించేశాడు. తొమ్మిదేళ్లలో కారును కదిలించలేనివాడు, షట్టర్ దించడానికి రెండు క్షణాలు తీసుకోలేదు.

సాయంత్రం చూస్తే టీ కప్పు గోడ మీద బోర్లించి ఉంది.

ముసలాయన మళ్లీ రాలేదు.

కారు మాత్రం రోజుకు నాలుగుసార్లు పేలింది. శుక్రవారానికి పక్కింటి కుక్క మొరగడం కూడా మానేసింది.

"ఆయన చెప్పినట్టు పెట్టి చూడరాదూ," అంది బెరిల్.

"పుస్తకంలో అలా లేదు."

"రేపు సముద్రానికి వచ్చేది నేనా, నీ పుస్తకమా?"

పిండి చేతులు తుడుచుకుని తనే వచ్చింది. రెండు వైర్లు ఊడబీకింది. చోటు మార్చి గుచ్చింది.

"తిప్పు."

నార్మన్ తాళం తిప్పాడు.

పేలలేదు. దగ్గలేదు. ఒక్కసారి ఒళ్లు విదిలించుకుని, ఇంజన్ గుర్రుగుర్రుమంటూ పాట అందుకుంది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బెరిల్ చేతిగుడ్డ గాల్లో తిప్పుతూ గ్యారేజీ అంతా గెంతింది. అరవై దాటిన మనిషి. నార్మన్ హారన్ మోగించాడు. ఎదురింటివాళ్లు కిటికీలు తెరిచి చప్పట్లు కొట్టారు. చప్పుడు ఆగిపోతుందన్న సంతోషం కూడా అందులో ఉండే ఉంటుంది.

శనివారం పొద్దున కారు పైకప్పు తీసేశారు. బెరిల్ తలకు పసుపుపచ్చ రుమాలు కట్టుకుంది. పెళ్లికి ముందు కట్టుకున్నదే.

"ముందు పెద్దాయన్ని ఒక చుట్టు తిప్పుదాం," అంది.

"ముందు క్షమాపణ అడగాలి," అన్నాడు నార్మన్.

కూరగాయల కొట్టువాడు ఇల్లు చెప్పాడు. మూడు వీధుల అవతల, ఆకుపచ్చ తలుపు.

తలుపు తీసే ఉంది. ఒకామె సామాను సర్దుతోంది.

"బాబాయి బుధవారం పోయారండీ. నిద్రలోనే," అంది. కారు చూసి ఆగింది. "ఎర్ర కారు. ఆల్డర్ వీధి, పన్నెండో నంబరు మీదేనా?"

"మాదే."

"అయితే ఇదేమిటో మీకు తెలుస్తుందేమో. ఇలాంటి కార్లున్నవాళ్ల సంఘం దగ్గర చిరునామాలు తీసుకుని పదిహేనేళ్లు బస్సుల్లో ఊళ్లు తిరిగారు. ఎందుకని అడిగితే చెప్పలేదు."

చిన్న నోటు పుస్తకం చేతికిచ్చింది. పేజీ పేజీకీ చిరునామాలు. ప్రతిదాని పక్కనా పెన్సిల్ టిక్కు.

చివరి చిరునామాకు మాత్రం లేదు. అది నార్మన్ ఇల్లు. కింద 'ఎర్ర కారు' అని రాసి ఉంది.

నార్మన్ కారు దగ్గరకొచ్చి సీటు కింద నుంచి ఫ్యాక్టరీ పుస్తకం తీశాడు. నలభై ఏడో పేజీలో పాత బాణం కొట్టేసి, కొత్తది గీశాడు. తర్వాత తన చిరునామా పక్కన టిక్కు పెట్టాడు.

"ఇంతకీ ఎవరాయన?" అంది బెరిల్.

నార్మన్ నోటు పుస్తకం మొదటి పేజీకి తిప్పాడు. అక్కడ పొందికైన అక్షరాల్లో ఉంది: 'నేను రాసిన పుస్తకంలో నలభై ఏడో పేజీ దిద్దాల్సిన ఇళ్లు.'