అవ్వకి థాంక్స్

నిద్రలో పాప ఊపిరి ఆగిపోతుందేమోనని నా భయం. దానికన్నా పెద్ద భయం నాకు లేదు.

ఇవాళ పొద్దున పాపని ఒళ్లో పెట్టుకుని నేనూ, నా స్నేహితురాలు వెర్లీ, ట్రక్కు నడిపే యులిస్ బయూ కాలువ గట్టున రొయ్యల చెరువులు చూసొద్దామని ట్రక్కులో బయలుదేరాం. దారిలో పాప ఒళ్లు కాలిపోతుంటే, మంత్రం వేసే ఎర్మాన్స్ అవ్వ ఇంటి ముందు ఆపించాను.

అవ్వ ఫ్రెంచిలో ప్రార్థన గొణిగి, ముడులేసిన దారం పాప కాలికి కట్టింది. "థాంక్స్ మాత్రం చెప్పకూడదమ్మా. నీతో వచ్చినవాళ్లు చెప్పినా మంత్రం పోతుంది."

నేను పెదవి కొరుక్కుని ట్రక్కెక్కాను. వెర్లీ కిటికీలోంచి తల బయటపెట్టి అరిచింది.

"థాంక్యూ అవ్వా! వెయ్యిసార్లు థాంక్యూ!"

అవ్వ తలుపేసుకుంది. యులిస్ పడీపడీ నవ్వాడు.

"నీకేం పోయేకాలమే!" అని ఏడ్చాను.

వెర్లీ నవ్వడం లేదు. "పోయినేడు నా బాబుకీ ఈ దారమే కట్టింది. పూడ్చిపెట్టిన రోజు దాకా ఆ మాట నా నోట రాలేదు. నోరు కుట్టేసుకున్నా నాకు దక్కలేదు. నీకు మాత్రం ఎందుకు దక్కాలే?"

ఇంటికొచ్చినప్పటి నుంచీ పాప లోపల పడుకునే ఉంది. ఏడుపు లేదు. జ్వరం తగ్గి చల్లబడిందో ఏమో, ముట్టుకోవడానికి నాకు చేతులు రావడం లేదు.

కాస్త మీరు వెళ్లి చూడరూ?