లారీ ముందు నిలబడండి

రాతలో తప్పులుంటే కోప్పడకండి. నేను పలక పట్టింది యాభై దాటాక. ఒత్తులు ఇప్పటికీ నా మాట వినవు. హార్బరులో విన్న కథతో ఈ ఒక్క కాగితం నింపడానికే నాకు వారం పట్టింది.

*

"ఆ స్విచ్చి మీద సెయ్యేసినావంటే సెయ్యి నరికేత్తాను!"

జ్ఞానదాసు స్క్రూడ్రైవరు వెనక్కి తీసుకున్నాడు. గాజువాకలో మెకానిక్ షెడ్డు పెట్టిన నాటి నుంచీ అతన్ని చాలామంది తిట్టారు. ఒక ఆడమనిషి లారీ క్యాబిన్‌లోకి ఎక్కి కూర్చుని మరీ తిట్టడం ఇదే మొదలు.

ఉక్కు ఫ్యాక్టరీ ఇంకా కడుతున్న రోజులవి. ఆ పాత లారీ హార్బరులో ఖనిజం మోసేది. కిందటివారం, ఆగి ఉన్నదల్లా ముందుకు దూకి సరుకు ఎత్తే ఒక కళాసీని గోడకి నొక్కేసింది. డ్రైవరు త్రినాథరావుని పోలీసులు పట్టుకెళ్ళారు. ఇవాళ బ్రేకు ఇన్‌స్పెక్టరు లారీని చూడటానికి వస్తున్నాడు. ఆయన వచ్చేలోగా తాళం పెట్టి తిప్పే పాత స్విచ్చి పీకేసి కొత్తది బిగించమని ఓనరు గురునాథరావు మెకానిక్‌కి కబురు పెట్టాడు.

అది చెవిన పడగానే నూకాలు పరుగెత్తుకొచ్చింది.

"స్విచ్చి అరిగిపోనాదని నీకు తెల్దా?" అంది. "తాళం తీసేసినా దానంతటదే సెల్ఫు కొడతన్నాదని త్రినాథరావు ఎన్నిసార్లు మొత్తుకున్నాడు! హార్బరంతా ఎరుగుదురు."

"మొత్తుకున్నాడమ్మా. కొత్తది ఎయ్యమని ఓనరు సెప్పాలి కదా. నానేటి సేత్తాను?"

"మనిషి పోయినాక సెప్పినాడా?"

జ్ఞానదాసు స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకున్నాడు.

హ్యాండ్ బ్రేకు పని చెయ్యని బళ్ళని గేరులో పెట్టి ఆపడం అక్కడి డ్రైవర్లకి అలవాటు. గేరులో ఉన్న బండికి సెల్ఫు, అంటే ఇంజన్ని తిప్పే మోటారు, తగిలితే అది ముందుకు గెంతుతుంది. ఆ రోజు తాళం త్రినాథరావు జేబులోనే ఉంది. అతను టీ కొట్టు దగ్గర నిలబడి ఉన్నాడు. అన్నం క్యారియరు పట్టుకుని హార్బరు గేటు దగ్గరికి వచ్చిన నూకాలు అంతా కళ్ళారా చూసింది. స్టేషన్లో చెబితే ఎవరూ చెవిన పెట్టలేదు. ఇక మిగిలింది ఈ స్విచ్చే. ఇది కూడా పోతే త్రినాథరావు జైలుకే.

"బాధపడకు తల్లీ," అన్నాడు జ్ఞానదాసు. "మా అయితే రెండేళ్ళు ఏత్తారు. వచ్చేత్తాడు. నీ పసుపు కుంకాలకేటీ కాదు."

"నా పసుపు కుంకాల ఊసెత్తకు!" గాజులు గలగల్లాడేలా స్టీరింగు మీద గుద్దింది. చెమటకి బొట్టు కారి ముక్కు మీదికి వచ్చింది. తుడుచుకోలేదు.

గురునాథరావు జీపు దిగాడు.

"ఎవత్తివే? దిగు!"

"దిగను."

"ఏసాలేత్తన్నావా? మనిషిని సంపీసినోడికీ సిగ్గులేదు, ఆడి తరపున వచ్చినదానికీ లేదు!"

"ఆడు సంపలేదు. నువ్వు సంపినావు."

షెడ్డులో సుత్తి దెబ్బలు ఆగిపోయాయి. గురునాథరావుని 'నువ్వు' అన్నవాళ్ళని అక్కడెవరూ చూడలేదు.

"దాసూ, లాగీ దీన్ని!"

"ఆడమనిషి మీద సెయ్యెలా ఏత్తానండీ?" అని జ్ఞానదాసు రెండడుగులు వెనక్కి వేశాడు.

అప్పుడే బ్రేకు ఇన్‌స్పెక్టరు శ్రీరామ్మూర్తి స్కూటరు ఆపాడు. "ఏమిటీ గొడవ?"

"ఏం లేదు సార్, ఎవరో పిచ్చిది. బండికేం లోపం లేదు. తప్పంతా డ్రైవరుదే," అన్నాడు గురునాథరావు.

"బాబూ, ఆ రోజు నాను కళ్ళారా సూసినాను," అంది నూకాలు పైనుంచి. "బండి గేరులో ఉంది. తాళం ఈ ఓనరు సేతిలో ఉంది. లోపం లేదంతన్నాడు కదా, లారీ ముందు నిలబడమనండి."

గురునాథరావు నవ్వాడు. ఇన్‌స్పెక్టరు నవ్వలేదు.

"నిలబడండి," అన్నాడు. "తాళం మీ దగ్గరే ఉందిగా."

గురునాథరావు ఒక అడుగు వేశాడు. బంపరు వైపు చూశాడు. చేతిలో తాళం వైపు చూశాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది.

"నిలబడవేటి?" అని అరిచింది నూకాలు. "ఆ కళాసీ నిలబడలేదా? ఆడిదీ నీలాటి పేణమే!"

అతను పక్కకి తప్పుకున్నాడు.

నూకాలు పిడికిలి బిగించి స్విచ్చి మీద గుద్దింది. ఇంకోసారి గుద్దింది. సెల్ఫు గుర్రుమంది. లారీ ఒక్క గెంతు గెంతి, ఎదురుగా ఉన్న ఖాళీ డ్రమ్ముని షెడ్డు గోడకి నొక్కేసింది. డ్రమ్ము అప్పడంలా అణిగిపోయింది.

ఇన్‌స్పెక్టరు వంగి డ్రమ్ముని చూశాడు, తర్వాత ఓనరు చేతిలోని తాళాన్ని చూశాడు.

"దాసూ, ఆ స్విచ్చి ముట్టుకోవద్దు. సీలు వేస్తాను," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "త్రినాథరావు ఇంటికొస్తాడమ్మా, దిగు."

నూకాలు దిగింది. కోపం మాత్రం దిగలేదు.

ఇన్‌స్పెక్టరు జేబులోంచి పెన్ను తీశాడు. "నువ్వు చూసిందీ రాసుకుంటాను. త్రినాథరావు నీకేమవుతాడు?"

"ఆడు నాకేటీ కాడు బాబూ, ఆ గోడకాడ నలిగిపోయినోడు నా పెనిమిటి, రేపు ఆడి పదోరోజు."

*

గంగాలమ్మ
వయసు డెబ్బై ఒకటి
ఇప్పుడు ఉండేది మల్కాపురం, విశాఖపట్నం