నలభై ఒక్క పట్లు

హయాత్ బాషా గోడకు కాగితం అంటించీ అంటించకముందే దాని కింద ఇద్దరు కలబడ్డారు.

"నేను బీ గ్రేడేందిరా? వీడు ఏ గ్రేడేందిరా?" అంటూ ఒకడు రెండోవాడి ముక్కు మీద ఒక్కటిచ్చాడు. ఇసకలో నెత్తురు బొట్లు బొట్లుగా పడింది.

బాషా వెనక్కి తిరిగి కూడా చూడలేదు. ఆయనది కడప. దుబాయ్ జెబెల్ అలీలో కూలీల క్యాంపుల మధ్య కబడ్డీ పోటీలు మొదలుపెట్టింది ఆయనే. ఏటా ఈ శుక్రవారం నాడు ఒకటో రెండో ముక్కులు పగలడం మామూలే.

ఒక క్యాంపుకు రెండేళ్ళు ఆడినవాడు ఆ రోజుతో ఫ్రీ. ఎవరైనా పిలుచుకోవచ్చు. ముందు మాత్రం బాషా తన పుస్తకం తీస్తాడు. రెండేళ్ళలో ఎవడు ఎన్ని కూతలు గెలిచాడు, ఎన్ని పట్లు పట్టాడు అని చూసి, చేటలో బియ్యం చెరిగినట్టు మనుషుల్ని చెరుగుతాడు. గట్టి గింజ ఏ. నడిమిది బీ. నూక సీ.

ఏ గ్రేడువాణ్ణి తీసుకుంటే, వాడు వదిలొచ్చిన జట్టుకు మన మనిషినొకణ్ణి ఇచ్చుకోవాలి. సీ గ్రేడువాణ్ణి ఊరికే వెంటబెట్టుకు పోవచ్చు.

పదో నంబరు క్యాంపు కెప్టెన్ భీమరాజు కాగితంలో ఒక్క పేరే చూశాడు.

శ్యాంప్రసాద్. నాలుగో నంబరు క్యాంపు. పట్లు నలభై ఒకటి. ఏ గ్రేడు.

భీమరాజుకు కప్పు మీద మోజు లేదు. నాలుగో నంబరు కూతగాడు ఆదిశేషును ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, తన గీత లోపల మన్ను కరిపించాలి. కిందటేడు ఆదిశేషు మడమతో తన్నిన తన్నుకు భీమరాజు తమ్ముడు వెంకటరాజు మోకాలు చెరుకుగడలా విరిగింది. పనికిరాడని కంపెనీ ఇంటికి తోలేసింది. పాతికేళ్ళు నిండకుండానే ఊళ్ళో కర్ర ఊతతో నడుస్తున్నాడు.

"బాషా భాయ్, శ్యాంప్రసాద్ మావోడండి. రాసుకోండి."

"బదులు ఎవర్నిస్తావప్పా?"

భీమరాజు తన వాళ్ళ వంక చూశాడు. ఏ వేలు కోసుకున్నా నొప్పే.

"అన్నా, నన్ను దీస్కో."

పక్కన ఒక పొట్టి మనిషి. చేతివేళ్ళన్నీ వంకర్లు పోయి అల్లం కొమ్ముల్లా ఉన్నాయి.

"నేను గూడ నాలుగో నంబరే. ఆదిశేషు మీద నీకు పగున్నదని నాకెరుకే."

"నీ పేరేంటి?"

"పోశయ్య."

భీమరాజు వేలు కాగితం అడుగుదాకా దిగింది. ఆఖరి పేరు. పట్లు సున్నా. సీ గ్రేడు.

"రెండేళ్ళాడి సున్నావా! ఆడేవోళ్ళకి మంచినీళ్ళందించావేటయ్యా?"

అందరూ గొల్లున నవ్వారు. పోశయ్య కూడా నవ్వాడు.

"ఎడమ మూలకు నిలవెట్టి సూడన్నా."

భీమరాజుకు తళుక్కున ఉపాయం తట్టింది.

"సరే, తీసుకున్నాను పో."

పోశయ్య మొహం విచ్చుకుంది.

"బాషా భాయ్, వీడిప్పుడు మావోడే కదా? శ్యాంప్రసాద్‌కి బదులు వీణ్ణే ఇచ్చేత్తన్నాను."

"యాడినుంచి వచ్చినోణ్ణి ఆడికేనా?" బాషా పుస్తకం అటూ ఇటూ తిరగేశాడు. "వద్దని రూలైతే లేదు. ఖలాస్."

మళ్ళీ నవ్వులు. ఈసారి పోశయ్య నవ్వలేదు. తలొంచుకుని రోడ్డు దాటి నాలుగో నంబరు వైపు వెళ్ళిపోయాడు.

ఫైనల్లో ఆ రెండు జట్లే ఎదురుపడ్డాయి.

ఆదిశేషు కూతకు వచ్చాడు.

"శ్యామ్, పట్టరా!"

శ్యాంప్రసాద్ చేతులు చాచాడు. ముందుకు ఊగాడు. ఆగాడు. ఎవరి కోసమో నేల వంక చూశాడు. అంతలోనే ఆదిశేషు మడమ లేచింది. పదో నంబరువాడి పళ్ళు రెండు ఇసకలో రాలాయి.

రెండో కూతకు ఇంకొకడి పక్కటెముక పుటుక్కుమంది. శ్యాంప్రసాద్ మళ్ళీ ఊగాడు, మళ్ళీ ఆగాడు.

భీమరాజు కళ్ళు ఎర్రబడ్డాయి. తనే కూతకు వెళ్ళాడు. పాయింటు కోసం కాదు, ఆదిశేషు కోసమే. చేయి విసిరేలోగా చీలమండకు ఇనప కొక్కెం పడినట్టయింది.

ఎవడని చూడలేదు. రెండో కాలి మడమతో వెనక్కి తన్నాడు. ఏదో మెత్తగా చితికింది. మళ్ళీ తన్నాడు. తమ్ముడి మోకాలు తలుచుకుని మూడోది తన్నాడు.

పట్టు వదల్లేదు.

మీద నలుగురు పడ్డారు. అందరికంటే ఆఖరున ఆదిశేషు ఎగిరి దూకాడు. కూత ఆగింది. విజిల్ మోగింది.

"పట్టు ఆదిశేషుదే!" బాషా పుస్తకంలో రాసుకున్నాడు.

ఒక్కొక్కరే లేచారు. అందరి అడుగున పోశయ్య, భీమరాజు చీలమండ రెండు చేతులా పట్టుకుని. స్పృహ లేదు. ఆ వంకర వేళ్ళను ఒక్కొక్కటిగా విడదీయాల్సి వచ్చింది.

"కన్ను పోయినట్టుంది భాయ్."

"ఇంకేం, కంపెనీ వీణ్ణి గూడ ఇంటికి తోలుద్ది."

దుప్పట్లో ఎత్తి పికప్ ఎక్కించారు.

భీమరాజు మడమ నెత్తుటితో జిగటగా ఉంది. ఆ కోపమంతా తీసుకెళ్ళి శ్యాంప్రసాద్ గొంతు పట్టుకున్నాడు.

"నలభై ఒక్క పట్లు పట్టినోడివి, ఇయ్యాల ఒక్కటీ పట్టలేదేట్రా?"

శ్యాంప్రసాద్ విడిపించుకోలేదు.

"కింద కాలు దొరికినాక గదన్నా, నేను మీద పడేది."

"మరి అక్కడెవడ్రా ఆ కాలు పట్టేవోడు?"

శ్యాంప్రసాద్ గేటు వైపు చెయ్యి చూపించాడు. ఆ నలభై ఒక్కసార్లూ అడుగున కాలు పట్టుకున్నవాణ్ణి ఎక్కించుకుని పికప్ అప్పుడే క్యాంపు గేటు దాటింది.